మామయ్య సీడీలు, మా హాలు గోడలు

మా మేనమామ మర్చంట్ నేవీలో ఉన్న రోజుల్లో సింగపూర్, రోటర్‌డామ్ లాంటి రేవుల్లో కొన్న సీడీలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. దాదాపు అన్నీ డెబ్బైల, ఎనభైల నాటి రాక్ ఆల్బమ్‌లే. ఆయన ప్లేయర్ విశాఖ ఉప్పుగాలికి ఎప్పుడో పాడైపోయింది. పోయినేడు సొంతిల్లు వదిలి అపార్ట్‌మెంట్‌కి మారుతూ పెట్టె నా చేతిలో పెట్టేశారు. "ఒరేయ్, వీటిని ఫోన్లోకి ఎక్కించి చెవుల్లో పుల్లలు పెట్టుకుని వినకు. మంచి స్పీకర్లు పెట్టి విను. ప్రాణం పెట్టి రికార్డు చేశార్రా" అన్నారు.

రికార్డింగ్ అద్భుతం అని పేరున్న ఆల్బమ్‌లు చాలానే ఉన్నాయి. ఆ అద్భుతం మన ఇంట్లో వినపడాలంటే మాత్రం చాకిరీ ఉంది. మంచి స్పీకర్లు కొంటే చాలని అందరూ అనుకుంటారు గానీ, నా అనుభవంలో స్పీకర్లు కొనడమే ఇందులో అన్నిటికంటే తేలికైన పని. ఆరున్నర అంగుళాల వూఫర్ (లోతైన శబ్దాలు పలికే భాగం) ఉన్న సెకండ్‌హ్యాండ్ స్పీకర్ల జత, ఓ మామూలు ఆంప్లిఫయర్, సీడీ ప్లేయర్ దొరికాయి. వైర్ల కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే షాపతను "సబ్‌వూఫర్ లేకుండా రాక్ ఏం వింటారు సార్?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

మాది పన్నెండు అడుగుల పొడవున్న హాలు. కింద విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క అద్దాల షోకేసు, ఇంకో పక్క ఖాళీ గోడ. నడుమ నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడల మధ్య టకటకమని తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ పాట పెడితే పాటతో పాటు హాలు కూడా పాడుతుంది. ముందు దాని నోరు మూయించాలి.

దానికి నేను ఎంచుకున్నది స్టీలీ డాన్ అనే అమెరికన్ బ్యాండ్ వాళ్ల ఆల్బమ్ 'ఏజా'. 1977లో వచ్చింది. రోజర్ నికల్స్, ఎలియట్ షైనర్, ఆల్ ష్మిట్, బిల్ ష్నీ లాంటి ఇంజనీర్లు పనిచేశారు. రికార్డింగ్‌కి గ్రామీ కూడా వచ్చింది. ఇందులో 'పెగ్' పాటలో గిటార్ సోలో కోసం పేరున్న వాద్యగాళ్లని ఒకరి తర్వాత ఒకరిని పిలిచి వాయించారు. చివరికి జే గ్రేడన్ వాయించింది ఉంచుకుని మిగతావన్నీ పక్కన పడేశారు. అంత చాదస్తం ఉన్న మనుషులు. నాకు పనికొచ్చింది ఆ చాదస్తం కాదు, ఈ రికార్డు పొడిగా ఉండటం. డ్రమ్స్, బేస్ అన్నిటికీ దగ్గరగా మైకులు పెట్టారు, కృత్రిమమైన ప్రతిధ్వని చాలా తక్కువ వాడారు. కాబట్టి ఈ సీడీ పెట్టినప్పుడు స్నేర్ (డ్రమ్స్‌లో పదునుగా మోగే చిన్న డ్రమ్ము) దెబ్బ వెనకాల తోక లాంటిది వినిపిస్తే అది రికార్డులోది కాదు, మన గదిది.

మా హాల్లో ఆ తోక బాగానే వినిపించింది. సింబల్, అంటే డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లెం, కొట్టినప్పుడల్లా ఛస్సుమని ఆ చప్పుడు గదంతా చిమ్మేది. అటక మీదున్న జంపఖానా దించి స్పీకర్లకీ సోఫాకీ మధ్య పరిచాను. పక్క గోడ మీద ఎక్కడ కప్పాలో తేల్చడానికి ఒక పాత ఉపాయం ఉంది. మనం సోఫాలో కూర్చుని, ఇంకొకరిని చేతి అద్దం గోడకి ఆనించి జరపమనాలి. అద్దంలో మనకి స్పీకర్ ఎక్కడ కనిపిస్తే శబ్దం అక్కడే తగిలి మన దగ్గరికి వస్తుందన్నమాట. మా ఆవిడ అద్దం పట్టుకుని గోడ వెంట నడుస్తుంటే పాలు తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి వింతగా చూశాడు. అక్కడ మా అమ్మమ్మ కుట్టిన బొంత వేలాడదీశాను. షోకేసు అద్దాలకి పరదా వేశాను. మళ్లీ 'ఏజా' పాట పెడితే స్టీవ్ గ్యాడ్ డ్రమ్స్ ఒక చోట కుదురుకున్నాయి. వేన్ షార్టర్ శాక్సఫోన్ వెనకాల ఆయన కొట్టే రోల్స్‌లో ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడింది. సింబల్ ఇత్తడిలా మోగింది.

బేస్‌తో, అంటే లోతైన శబ్దాలతో, వచ్చిన తంటా వేరు. దానికి పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' పెట్టాను. 1972-73లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో అలన్ పార్సన్స్ ఇంజనీర్‌గా తయారైంది. ఈ ఆల్బమ్ గుండె చప్పుడుతో, అదీ నిశ్శబ్దంలోంచి మెల్లమెల్లగా పైకొస్తూ మొదలవుతుంది. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే మొదటి కొన్ని సెకన్లు అసలు వినపడవు. మే నెలలో ఫ్యాన్ ఆపి చెమటలు కక్కుతూ విన్నాను. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిస్తే స్పీకర్లలో సన్నగా జూమని రొద వస్తోంది, అప్పుడు ఆపేయడమే మేలు.

'టైమ్' పాట మొదట్లో ఒక్కసారిగా గడియారాలు మోగుతాయి కదా, అవి పార్సన్స్ ఒక పాత గడియారాల దుకాణానికి వెళ్లి ఒక్కోదాన్నీ విడిగా రికార్డు చేసి తెచ్చినవి. మొదట అవి ఈ పాట కోసం కాదు, నాలుగు స్పీకర్ల క్వాడ్రాఫోనిక్ పద్ధతి ఎలా ఉంటుందో చూపించడానికి. స్పీకర్లని ఎంత లోపలికి తిప్పాలో ఆ గడియారాలతోనే సరిచూసుకున్నాను. తిప్పడం సరిగ్గా కుదిరినప్పుడు ఒక్కో గడియారం ఒక్కో చోటినుంచి, కొన్ని స్పీకర్ పెట్టెలకి బయటినుంచి కూడా మోగాయి.

'మనీ' పాటలో బేస్ గిటార్ వరస అందరికీ తెలిసిందే. మా ఇంట్లో ఆ వరసలో అన్ని స్వరాలూ మామూలుగానే ఉండి, అట్టడుగుకి దిగే ఒక్క స్వరం దగ్గర మాత్రం సోఫా కింద ఎవరో ఉన్నట్టు గుమ్మని ఊగేది. అది ఎఫ్ షార్ప్, దాదాపు 46 హెర్ట్జ్, అంటే సెకనుకి 46 కంపనాలు. కాగితం మీద లెక్క వేశాను. శబ్దం సెకనుకి సుమారు 1130 అడుగులు వెళ్తుంది. పన్నెండు అడుగుల గదిలో ముందు గోడకీ వెనక గోడకీ మధ్య నిలబడిపోయే మొదటి తరంగం 47 హెర్ట్జ్ దగ్గర. అంటే పింక్ ఫ్లాయిడ్ బేస్ గిటారిస్టు రాజర్ వాటర్స్ మీటిన స్వరం సరిగ్గా మా హాలు స్వరం! ఈ తరంగం పొడవే 24 అడుగులు. బొంతలూ పరదాలూ దీన్ని ఏమీ చేయలేవు. గోడల దగ్గర ఇది అన్నిటికంటే బలంగా, నడుమ అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. మా సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంది. అదే అసలు సంగతి.

సోఫాని ముందుకి జరిపాను. స్పీకర్లని కూడా వాటి వెనక గోడనుంచి ముందుకి లాగాను. గుమ్మనడం చాలా తగ్గింది. "బానే ఉందండీ, మరి వంటింట్లోకి నడిచే దారేదీ?" అంది మా ఆవిడ. చివరికి వినేటప్పుడు సోఫా ముందుకి, విన్నాక వెనక్కి అని ఒప్పందం కుదిరింది. టైల్స్ మీద గీతలు పడకుండా కాళ్లకి ఫెల్ట్ ముక్కలు అంటించాను.

ఇంత అయ్యాకే అసలు సరదా మొదలైంది. డైర్ స్ట్రెయిట్స్ 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' 1985 నాటి సీడీ మామయ్య పెట్టెలో ఉంది. 1996లో వచ్చిన రీమాస్టర్, అంటే అదే రికార్డింగ్‌ని మళ్లీ సరిదిద్ది వేసిన సీడీ, నా దగ్గర ముందే ఉంది. కరీబియన్‌లో మాంట్‌సెరాట్ దీవి మీదున్న ఏర్ స్టూడియోలో, సోనీ 24 ట్రాకుల డిజిటల్ యంత్రం మీద నీల్ డార్ఫ్‌స్‌మన్ రికార్డు చేసిన ఆల్బమ్ ఇది. పది లక్షల సీడీలు అమ్ముడైన మొదటి ఆల్బమ్ కూడా. ఎల్‌పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) మీద చోటు చాలక కొన్ని పాటల్ని కత్తిరిస్తే సీడీలో పూర్తిగా ఇచ్చారు. అప్పట్లో కొత్తగా వచ్చిన సీడీకి ఇదొక షోకేసు.

రెండు సీడీల్నీ మార్చి మార్చి వింటే మొదట రీమాస్టరే బాగున్నట్టు అనిపిస్తుంది. కారణం చిన్నది. దాని మోత ఎక్కువ. మన చెవికి కాస్త గట్టిగా వినపడేది ఎప్పుడూ బాగున్నట్టే తోస్తుంది, పది దుకాణాల్లో తొమ్మిది ఈ కిటుకు మీదే స్పీకర్లు అమ్ముతాయి. అందుకని ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి, సోఫాలో తల ఉండే చోట ఫోన్ పెట్టి, పాటలో ఒకే ముక్కకి రెండు సీడీలూ ఒకే అంకె చూపించేలా వాల్యూమ్ ఎక్కడ ఉంచాలో గుర్తులు పెట్టుకున్నాను. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. మా ఆవిడ ఏది పెడుతోందో చెప్పకుండా మార్చింది.

'మనీ ఫర్ నథింగ్'లో డ్రమ్స్ పోగై పోగై, గిటార్ విరుచుకుపడే చోటే పరీక్ష. ఒక సీడీలో ఆ డ్రమ్స్ ఎంత పెరిగినా ఇంకా పెరగడానికి చోటున్నట్టు ఉంటుంది. గిటార్ వచ్చాక కూడా స్నేర్ దెబ్బ దాన్ని చీల్చుకుని వస్తుంది. ఇంకోదాంట్లో అన్నీ ఉన్నాయి, కానీ దెబ్బల తలలు కాస్త చెక్కేసినట్టు ఉన్నాయి. సంగీతం మీద పెద్దగా పట్టింపు లేని మా ఆవిడ కూడా "ఇందులో డ్రమ్ము ఛాతీకి తగులుతోందండీ" అంది. ఆమె చేతిలో ఉన్నది 1985 సీడీ. కంప్యూటర్లోకి ఎక్కించి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో శబ్దం గీతలు చూస్తే ఆ తేడా కంటికీ కనిపించింది. పాతదాంట్లో సూదుల్లా లేచిన మొనలున్నాయి, కొత్తదాంట్లో అవి పొట్టివైపోయి మిగతాదంతా లావైంది.

ఆ గిటార్ స్వరం గురించి ఒక మాట. స్టూడియోలో ఆంప్లిఫయర్ ముందు మైకులు ఇంకా సర్దనేలేదు, ఒకటి నేలవైపు తిరిగి ఉంది. బ్యాండ్ గిటారిస్టు మార్క్ నాఫ్లర్ మీటి చూస్తే ఆ స్వరం అలా వచ్చేసింది, దాన్ని కదపకుండా రికార్డు చేసేశారు. తర్వాత ఎంత ప్రయత్నించినా మళ్లీ రాలేదని డార్ఫ్‌స్‌మన్ చెప్పాడు.

రీమాస్టర్లన్నీ చెడ్డవని నేననను. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 'రూమర్స్' విషయంలో కష్టం రికార్డింగ్‌లోనే వచ్చింది. నెలల తరబడి టేపు తిప్పీ తిప్పీ దాని పూత అరిగిపోయి డ్రమ్స్ పదును పోయింది. మొదట్లో తీసి పెట్టుకున్న ఇంకో టేపులోని డ్రమ్స్‌ని చెవితో వింటూ కొత్తదానితో జత కలిపి నిలబెట్టారు. అలాంటివాటికి ఓపికగా చేసిన రీమాస్టర్ మేలే చేస్తుంది. ఏ సీడీ మీద ఏ సంవత్సరం వేసుందో మాత్రం చూడకుండా కొనను.

దసరాకి మామయ్య వచ్చారు. సోఫా ముందుకి జరిపి 'ఏజా' పెట్టాను. కళ్లు మూసుకుని మొత్తం విని, "ఇదీ రికార్డింగ్ అంటే" అన్నారు. నేను లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్, 1971 నాటిది, చివరి పాట 'వెన్ ద లెవీ బ్రేక్స్' పెట్టాను. డ్రమ్స్ మొదలవగానే కళ్లు తెరిచారు.

"ఇదేంట్రా, బాత్రూంలో వాయించినట్టుంది."

"మెట్ల కింద వాయించాడు మామయ్యా" అన్నాను. హెడ్లీ గ్రేంజ్ అనే పాత బంగళాలో జాన్ బోనమ్ డ్రమ్స్‌ని కింద హాల్లో పెట్టి, పైన మెట్ల దగ్గర రెండే రెండు మైకులు వేలాడదీశాడు ఇంజనీర్ ఆండీ జాన్స్. ఆ శబ్దాన్ని చిన్న, పెద్ద చప్పుళ్ల తేడా తగ్గేలా గట్టిగా నొక్కి, బిన్సన్ ఎకో యంత్రం గుండా పంపి, టేపు వేగం కూడా తగ్గించారు. 'ఏజా'లో గదిని పూర్తిగా తీసేస్తే ఇక్కడ గదే సగం వాయిద్యం. ఎంత శుభ్రంగా ఉందన్నది కొలత అయితే ఇది ఏ జాబితాలోనూ ఉండదు. నా జాబితాలో మాత్రం 'ఏజా' కంటే ఒక మెట్టు పైనే ఉంటుంది.

మామయ్య ఒప్పుకోలేదు. "గది వినపడకూడదనే కదరా గోడకి బొంత కట్టావు, ఇప్పుడు ఇంకెవరిదో గది వినమంటావేంటి?" అన్నారు. వాళ్ల గది వినపడాలంటే మన గది ఊరుకోవాలి కదా అన్నాను. భోజనాల దగ్గర కూడా ఆ వాదన సాగింది. వెళ్తూ వెళ్తూ జెప్లిన్ సీడీ నాకుంచి, 'ఏజా' మాత్రం మళ్లీ తన సంచిలో వేసుకున్నారు. వాళ్ల కొత్త ఫ్లాట్ హాలు పద్నాలుగు అడుగులట. నాలాంటి స్పీకర్లే చూసిపెట్టమన్నారు.