సుబ్బారావు గారి హెచ్-ఇండెక్స్

క్యాన్సర్ జీవశాస్త్రంలో పరిశోధనకు చేరిన మా మేనకోడలు తన గైడు గారి సైటేషన్ల (ఆ గైడు పరిశోధన పత్రాలను ఇతరులు ఉదహరించిన సందర్భాల) సంఖ్యను, హెచ్-ఇండెక్స్‌ను నాకు చూపించి, "అత్తా, మన భీమవరం సుబ్బారావు గారికి ఇది ఎంత ఉంటుంది?" అని అడిగింది. ఆమె అడిగింది జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి. జీవరసాయన శాస్త్రం బోధించే నాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. అయితే దానికి ఒక అంకెతో జవాబు చెప్పి ఊరుకోవడం ఆయనకు న్యాయం చేయడం కాదు.

2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ సూచిక ప్రకారం, ఒకరి పత్రాల్లో 20 పత్రాలను ఇతరులు కనీసం 20 సార్లు చొప్పున ఉదహరిస్తేనే ఆయన హెచ్-ఇండెక్స్ 20 అవుతుంది. ఒకే పత్రాన్ని వేల మంది ఉదహరించినా ఆ సూచిక పెరగదు. సుబ్బారావు గారి విషయంలో సరిగ్గా ఇక్కడే చిక్కు వస్తుంది.

1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివి హార్వర్డు చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫరస్ ఉన్న ఫాస్ఫేటును అమ్మోనియం మోలిబ్డేట్ అనే రసాయనంతో కలిపి క్షయకరణం (ఎలక్ట్రాన్లు చేర్చే చర్య) చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. కండరంలోనూ మెదడులోనూ శక్తిని నిల్వ చేసే ఫాస్ఫోక్రియాటిన్ ఈ కొలతల వల్లనే 1927లో వారికి దొరికింది, 1929లో కణాల పనులకు శక్తినిచ్చే ఏటీపీని కూడా వారు వేరుచేశారు. (అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు.) కణాల పైపొరల్లోని ఫాస్ఫోలిపిడ్లను (ఫాస్ఫరస్ ఉన్న కొవ్వు పదార్థాలను) కొలిచేందుకు 1959లో బార్ట్‌లెట్ రూపొందించిన పద్ధతికీ ఆ ఫాస్ఫరస్ పద్ధతే ఆధారం. డెల్టా రైతు కాలువ నీరు వాడుకుంటూ కాటన్ దొరను నేటికీ తలుచుకుంటాడు. ప్రయోగశాలలో మాత్రం ఒక పద్ధతి ఎంతగా అలవాటైతే దాని కర్త పేరు అంతగా జారిపోతుంది. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ పరిణామాన్ని ఏనాడో వివరించారు. అందుకే ఫాస్ఫేటును కొలిచిన చోట కిట్ పేరు మాత్రమే రాయకుండా, మూల పత్రాన్ని కూడా ఉదహరించమని మా మేనకోడలికి గట్టిగా చెప్పాను.

క్యాన్సర్ విషయానికి వస్తే అన్యాయం మరింత పెద్దది. 1940లో లెడర్లీ అనే మందుల తయారీ సంస్థలో చేరిన సుబ్బారావు గారి నాయకత్వంలో అక్కడి రసాయన శాస్త్రవేత్తలు ఫోలిక్ ఆమ్లమనే బి-విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసి, ఆ పైన దాని పనిని అడ్డుకునే పదార్థాలను రూపొందించారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను తీవ్రమైన లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి తాత్కాలికంగా మేలు కలిగిందని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బృందం 1948లో ప్రకటించింది. ఆ పత్రం రచయితల్లో సుబ్బారావు గారు లేరు. అదే ఏడాది ఆగస్టులో ఆయన న్యూయార్కులో 53 ఏళ్లకే కన్నుమూశారు. అమినోప్టెరిన్ రకానికే చెందిన మరో మందు, మెథోట్రెక్సేట్, నేటికీ లుకేమియా చికిత్సలో ఉంది. నోటిద్వారానో రక్తనాళం ద్వారానో మామూలు మోతాదులో ఇస్తే అది మెదడులోకి తగినంత చేరదు, క్యాన్సర్ కణాలు అక్కడ దాక్కుంటాయి. కాబట్టి వైద్యులు దానిని నేరుగా వెన్నెముక ద్రవంలోకి ఎక్కిస్తారు.

ఫోలిక్ ఆమ్లానికీ నాడీ వ్యవస్థతో గట్టి సంబంధమే ఉంది. అంతకుముందు నాడీనాళ లోపంతో (గర్భంలో మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడని లోపంతో) బిడ్డ పుట్టిన తల్లులు గర్భధారణకు ముందు నుంచే దానిని తీసుకుంటే ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం నిరూపించింది. దానిని చేసినవారికి సైటేషన్లు దక్కడం పూర్తిగా సమంజసమే. అయితే ఫోలిక్ ఆమ్లం తయారీ గురించి 1945, 1946 సంవత్సరాల్లో సైన్స్ పత్రికలో వచ్చిన లెడర్లీ బృందం పత్రాలను కూడా మా మేనకోడలి లాంటి విద్యార్థులు తీసి చదవాలని కోరుకుంటున్నాను. ఆ పరిశోధనకు నాయకుడైన సుబ్బారావు గారి పేరు వాటిలో, ఎక్కువ గుర్తింపు దక్కే చోట్లయిన మొదటా ఉండదు, చివరా ఉండదు. పలువురు సహచరుల పేర్ల నడుమ ఉంటుంది.