చింతేనా?

రాత్రి పదకొండు దాటింది. ముక్కు దురద ఇంకా తగ్గలేదు. ఈయన తుమ్మి తుమ్మి ఇప్పుడే నిద్రపోయారు. అత్తయ్య మాత్రం సాయంత్రం ఒకే ఒక్క తుమ్ము తుమ్మి, "ఒంటి తుమ్ము. ఆ కర్ర ఇంట్లో ఉండకూడదు" అని తీర్పు చెప్పేశారు.

ఆ కర్ర అంటే మళ్ళీ అదే. రెండు వారాలుగా పెరటి గోడ వారన పడి ఉన్న మూడు క్వింటాళ్ళ వంటచెరకు. దాని గురించి ఇక ఒక్క ముక్క కూడా రాయకూడదనుకున్నాను. కుదరడం లేదు.

గ్యాసు మీద కాచిన నీళ్ళతో స్నానం చేస్తే ఒళ్ళు వెచ్చబడదన్న అత్తయ్య సిద్ధాంతం మీకు కొత్త కాదు. అరిసెల పాకం కూడా కట్టెల పొయ్యి మీదే కుదరాలి. అందుకని నెలగంట పెట్టేలోపు కట్టెలు ఇంటికి చేరాలి. ఏటా అడితిలో సరుగుడు తెచ్చుకుంటాం. సరుగుడుతో ఏ పేచీ ఉండదు, చూస్తేనే సరుగుడు. ఈసారి వీధిలోకే ట్రాలీ ఆటో వచ్చింది. కిలో ఏడు రూపాయలన్నాడు. ఆశపడ్డాను.

"చింతేనా బాబూ?" అన్నాను.

"చింతేనమ్మా" అన్నాడు.

కాటా చీటీ చూపించాడు, దింపాడు, డబ్బు లెక్కపెట్టుకుని వెళ్ళాడు. మర్నాడు పనిమనిషి భర్తను పిలిచి చీల్పిస్తే గొడ్డలి సుఖంగా దిగిపోతోంది. నా గుండెలో రాయి పడింది. చింత మొద్దు అంత మర్యాదగా చీలదు. మాంసం కొట్టే మొద్దుకు చింతనే ఎందుకు వాడతారు మరి? విజయనగరంలో కాపురం చేస్తూ చింతమాను విషయంలో మోసపోవడం ఇంకా సిగ్గు. ఏటా పైడితల్లమ్మ జాతరలో పూజారి ఎక్కి ఊరేగే సిరిమానుకు చింతచెట్టే కావాలి, అది ఎక్కడుందో అమ్మవారు ఆ పూజారికి కలలో చెబుతుంది. నాకు కలలోకి కూడా ఆ ఆటో అబ్బాయే వచ్చాడు.

చీల్చిన ముక్క చూస్తే అంచు వెడల్పుగా పాలిపోయిన పసుపు, నడిమి చేవ ముదురు గోధుమ రంగులో చారలు చారలుగా. బెరడు నల్లబడి గరుకుగా పగుళ్ళు వేసింది, దాన్ని లేపితే లోపొర ఎర్రగా ఉంది. ఆకు లేదు, కాయ లేదు, రెమ్మ లేదు. తల నరికిన మనిషిని గుర్తు పట్టమన్నట్టు. చిన్నవాడు ఫోనులో ఫొటో తీసి ఏదో యాప్‌కు చూపిస్తే మూడు పేర్లు చెప్పింది. మొదటిది ఓక్. ఓక్ చెట్టు కంటోన్మెంటు రోడ్డులో ఎక్కడ మొలిచిందో ఆ యాప్‌కే తెలియాలి.

"పేరెందుకు నీకు?" అని ఈయన మొదలుపెట్టారు. పదో తరగతి పిల్లలు దొరకని రోజున మేమే ఆయన తరగతి. పూర్తిగా ఎండితే ఏ కర్రయినా కిలోకు రమారమి 4500 కిలోకేలరీల వేడి ఇస్తుందట, చింతయినా బూరుగయినా పెద్ద తేడా ఉండదట. తేడా అంతా బరువులో. బూరుగైతే గంపెడు కావాలి, చింతైతే నాలుగు ముక్కలు చాలు. అసలు దొంగ కర్ర కాదు, లోపలి నీరు. అప్పుడే కొట్టిన చెట్టులో సగం దాకా నీరే ఉండవచ్చు. ఒక్క కిలో నీటిని ఆవిరి చేయడానికే 600 కిలోకేలరీలకు పైగా ఖర్చు. "మనం తూకానికి కొన్నాం కదా" అని నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను గుచ్చుతోంది.

వెంటనే ఒక ముక్క తీసి వంటింటి తూకంలో పెట్టాను. కిలో 420 గ్రాములు. సుద్దముక్కతో దాని మీదే రాసి పొయ్యి పక్కన నిలబెట్టాను. ఈ ఉదయానికి కిలో 130. అంటే పద్నాలుగు రోజుల్లో 290 గ్రాములు గాల్లో కలిసింది, అయిదో వంతు. ఈ లెక్కన మూడు క్వింటాళ్ళలో అరవై కిలోలు నీళ్ళే, నాలుగు వందల ఇరవై రూపాయల నీళ్ళు. అదీ ఇప్పటికి తేలింది మాత్రమే, ముక్క ఇంకా ఎండుతూనే ఉంది. మునిసిపాలిటీ కుళాయి ఇంతకన్నా చాలా చౌక. ఫోను చేసి అతణ్ణి కడిగేశాను. మా వీధిలోకి ఇంకెప్పుడూ రావద్దన్నాను. "సరేనమ్మా" అన్నాడు, అంతే. గొడవ పడి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

ఆ ముక్కను గోరుతో గీకి వాసన చూస్తున్నప్పుడు తాతయ్య గుర్తొచ్చారు. దసరాకని ముందే పుట్టింటికి వెళ్ళి తిత్లీ తుఫానుకు దొరికిపోయిన ఏడాది, 2018. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస పక్కనే తీరం దాటింది కదా. తెల్లారి తలుపు తీస్తే తోట ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. జీడిచెట్లు వేళ్ళతో సహా పక్కకు ఒరిగిపోయి, కొబ్బరి చెట్లు సగానికి విరిగి, మాది కాని పనసచెట్టు ఒకటి మా పశువుల శాల మీద. కరెంటు లేదు. దారులన్నీ మానులే. నాలుగో రోజున గ్యాసు అయిపోయింది.

కట్టెలకు మాత్రం కరువు లేదు. ఏది ఏ చెట్టుదో తెలియని గుట్ట. ఎనభై ఏళ్ళ తాతయ్య కత్తి పట్టుకుని గుట్ట ముందు కూర్చున్నారు. కాస్త చెక్కడం, వాసన చూడడం, ఒక్కోసారి నాలుక చివర తాకించడం. లోపల పసుపుపచ్చ ఉంటే పనస, ఒక పక్కకు. చేదు తగిలితే వేప, ఇంకో పక్కకు. చేతికి దూదిలా తేలితే మునగ. "ఇది మంటకు పనికిరాదు, ఏడవడానికి పనికొస్తుంది" అని విసిరేశారు. పాలు కారినదాన్ని మాత్రం నా చేతికి ఇవ్వలేదు, కర్రతో నెట్టారు. తెలియని పాలచెట్టు పొగ అన్నం కుండ మీదకు రాకూడదట. జీడికర్రను తోటలోనే వదిలేశారు. ఎవరూ దాని జోలికి పోలేదు. ఆ తోట మా అమ్మానాన్నల పెళ్ళయిన ఏడు వేసినది.

తొమ్మిదో రోజున వేరే కర్ర అయిపోయి అమ్మ అడగకుండానే జీడి పెట్టింది. కోసిన చివర బుడగలు బుడగలుగా నీరు, జిగురు కక్కుతూ సుయ్ సుయ్ అంది. ఇల్లంతా పొగ. తాతయ్య వచ్చి పొయ్యి ముందు నిలబడ్డారు. ఇప్పుడు ఏమంటారో అని మేమంతా ఊపిరి బిగబట్టాం. "పచ్చిది. నీళ్ళు కక్కుతోంది చూడు. ఎండనివ్వాలి" అని వెళ్ళిపోయారు. ఆ మరుసటి వేసవి అంతా ఆ ఇంట్లో జీడికర్రే కాలింది. చిటపటలాడుతుంది, నిప్పురవ్వలు ఎగురుతాయి, కానీ కాలుతుంది.

ఎక్కడికో పోయాను. తుమ్ముల సంగతి చెప్పాలి.

సాయంత్రం చిన్నవాడు ఉత్సాహం కొద్దీ రంపం పట్టాడు. నాలుగు కోతలకు వాడు తుమ్మాడు, చూడడానికి వెళ్ళిన ఈయన తుమ్మారు, రంపపు పొట్టు ఊడ్చడానికి వెళ్ళిన నేను తుమ్మాను. గోడ అవతల నుంచి వడ్రంగి మామయ్య నవ్వు వినిపించింది. "దిరిసెన కోస్తున్నారా ఏమిటి?" వచ్చి చేవ చూశారు, బెరడు లోపలి ఎరుపు చూశారు. దిరిసెనే. దాని పొట్టు ముక్కుకు తగిలితే తుమ్మని వడ్రంగి లేడట. ఎండిన కాయలు గాలికి గలగలలాడుతూ రోడ్ల పక్కన ఉంటుందే, అదే. చింతంత బరువు రాదు కానీ మంచి వంటచెరకే, నిప్పులు నిలుస్తాయి అన్నారు. పైగా ఈ లావు ముక్కలు పొయ్యిలో పెడతారా, పీటలు చేసుకోవచ్చు కదా అని నన్నే కోప్పడ్డారు. ప్రబంధాల్లో నాయికల మెత్తదనానికి ఉపమానం దిరిసెన పువ్వు. కర్ర మాత్రం ఇంటిల్లిపాదినీ ఇలా తుమ్మించింది.

అప్పటి నుంచీ ఒకటే తొలుస్తోంది. ఆ అబ్బాయి చింత అని తనంతట తాను చెప్పలేదు. "ఏ కర్ర?" అని నేను అడగలేదు. "చింతేనా?" అన్నాను. కొనే మనిషి నోట్లో ఏ మాట ఉందో అదే తిరిగి చెప్పాడు. "సరుగుడేనా?" అన్నా "సరుగుడేనమ్మా" అనేవాడేమో. అది అబద్ధమా? రోడ్డు పక్కన కొట్టేసిన మాను ఎవరి దగ్గరో ఎత్తుకొచ్చి ఉంటాడు, పేరు అతనికీ తెలియకపోవచ్చు. మూడు వందల కిలోల మంచి కర్ర ఇచ్చి నా చేత దొంగ అనిపించుకున్నాడు.

ఫోను చేసి చెబుదామని నంబరు దాకా వెళ్ళాను. మళ్ళీ ఆ అరవై కిలోల నీళ్ళు గుర్తొచ్చాయి. పేరు తెలియకపోవచ్చు, పచ్చి కర్రని కూడా తెలియదా? ఎత్తి దింపినవాడు అతనే కదా. చెయ్యలేదు. రేపు ఆ తూచిన ముక్క పట్టుకుని అడితిలో చూపించి అసలు ధర ఎంతో కనుక్కుందాం, అప్పుడు చేస్తాను అనుకున్నాను.

పడుకునే ముందు దాన్ని తీసి లోపల పెడదామని పెరట్లోకి వెళ్తే పొయ్యి పక్కన లేదు. అత్తయ్య గదిలో దీపం ఇంకా వెలుగుతోంది. అడిగాను.

"సుద్దతో ఏవో అంకెలు రాసి ఉన్నదేనా? నీళ్ళ పొయ్యిలో పెట్టాను. పొగ లేకుండా కాలిందమ్మాయ్" అన్నారు.