ఆడపిల్లల సుంతీ: బ్రిటన్ వార్డుల్లో మన నర్సులకు తెలియాల్సినవి

గుంటూరులోనో హైదరాబాద్‌లోనో నర్సింగ్ చదివి లండన్, బర్మింగ్‌హామ్ ఆసుపత్రుల్లో చేరినవాళ్లకు, ఏ సోమాలియా గర్భిణికో కేథటర్ (మూత్రం తీసే గొట్టం) వేయబోతే మూత్రద్వారం కనపడకపోవచ్చు. అక్కడ ఉండేది నున్నటి మచ్చ, దాని కింద చిన్న రంధ్రం. అది మూడో రకం సుంతీ: జననాంగ పెదవులు కోసి అంచులు అతికిస్తారు. మొదటి రకంలో క్లిటోరిస్ (యోనిశీర్షం), రెండో రకంలో దానితోపాటు లోపలి పెదవులు పోతాయి. గుచ్చడం, గీరడం లాంటివి నాలుగో రకం. వీటిలో కొన్నింటి గుర్తులు కంటికి ఆనవు. ఇది ఆఫ్రికాకే పరిమితం కాదు. మన దేశంలో దావూదీ బోహ్రా ముస్లింలలో ఖత్నా పేరుతో ఇది ఉంది. 2017లో దాని మీద వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు మరుసటి ఏడాది విస్తృత ధర్మాసనానికి పంపింది.

అలాంటి మచ్చ కనపడినప్పుడు ముఖంలో విస్మయం కనపడనీయకండి. చూడమని తోటివాళ్లను పిలవకండి. ఆమె మళ్లీ ఆసుపత్రికి వస్తుందా రాదా అన్నది ఆ క్షణం మీదే ఆధారపడుతుంది. చిన్నప్పుడు సుంతీ జరిగిందా అని మొదటి చెకప్‌లోనే, దుబాసీ సాయంతో అడగాలి. భర్తను, అత్తను దుబాసీగా కూర్చోబెట్టకూడదు. సోమాలీలో ‘గుద్నీన్’ అంటే ఆమెకు వెంటనే అర్థమవుతుంది. మూత్రానికి ఎంతసేపు పడుతుందో కూడా అడగండి. మచ్చ వెనక నిలిచిపోయిన మూత్రం చుక్కలుగా వస్తుంది, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ తెస్తుంది. మూత్రం కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే పరీక్షలో) రకరకాల క్రిములు కలిసి పెరిగినట్టు రిపోర్టు పదేపదే వస్తుంటే కారణం ఇదే కావచ్చు.

సుఖవ్యాధుల ముప్పుకు దారులు చాలానే ఉన్నాయి. మచ్చకు సాగే గుణం ఉండదు కనుక సంభోగంలో చిట్లుతుంది, ఆ పగుళ్లు క్రిములకు వాకిళ్లు. గాంబియాలో చేసిన అధ్యయనం 2001లో వచ్చింది. సుంతీ అయినవాళ్లలో జననాంగ హెర్పిస్, బ్యాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో క్రిముల సమతుల్యం చెడడం) ఎక్కువగా కనిపించాయి. హెచ్‌ఐవీ విషయంలో అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు, కాబట్టి మచ్చ చూసి ఎవరినీ అనుమానించకండి. అయితే ఒకే బ్లేడుతో చాలామంది పిల్లలకు కోసి ఉండొచ్చు. అందుకే గర్భిణులందరికీ చేసే హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలతోపాటు వీళ్లకు హెపటైటిస్ సి పరీక్ష కూడా చేస్తామని చెప్పాలని బ్రిటన్ మార్గదర్శకాలు అంటాయి. యోనిని తెరిచి చూసే పరికరం, స్పెక్యులమ్ పట్టనిచోట క్లమీడియా, గనేరియా దొరక్కుండా జారిపోతాయి. బలవంతం చేయకుండా ఆమెనే స్వాబ్ (దూదిపుల్లతో నమూనా) తీసుకోమనండి. అదీ కుదరకపోతే గంటసేపు ఆపుకున్నాక వచ్చే మొదటి మూత్రం పంపండి.

కాన్పు దగ్గర ప్రమాదం మరీ పెద్దది. ఆరు ఆఫ్రికా దేశాల్లో 28,393 మంది కాన్పులను ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలించింది. సుంతీ లేనివాళ్లతో పోలిస్తే మూడో రకం ఉన్నవాళ్లలో కాన్పు తర్వాత అధిక రక్తస్రావం ముప్పు 69 శాతం, పుట్టేలోపు గానీ పుట్టిన వెంటనే గానీ బిడ్డ చనిపోయే ముప్పు 55 శాతం ఎక్కువని 2006లో వెల్లడించింది.

మూసుకుపోయిన చోటును తెరిచే చిన్న ఆపరేషన్ ఇరవయ్యో వారం దగ్గర గానీ, నొప్పుల్లో గానీ చేస్తారు. మత్తు ఇచ్చి, మచ్చ వెనక వేలు పెట్టి, మూత్రద్వారం కనపడేదాకా నడిమి గీత వెంబడి పైకి కోస్తారు. అక్కడితో ఆగాలి. ఇంకా పైకి పోతే మచ్చ కింద మిగిలిన క్లిటోరిస్ తెగి రక్తం ధారకడుతుంది. రెండు అంచులనూ కరిగిపోయే సన్న దారంతో విడివిడిగా కుడతారు. ఆ తర్వాత మూత్రం ధారగా, చప్పుడుతో వస్తుందని, నెలసరి ఎక్కువైనట్టు అనిపిస్తుందని ముందే చెప్పండి. చెప్పకపోతే ఏదో పాడైందని కంగారుపడుతుంది.

మళ్లీ మునుపటిలా మూసి కుట్టమని అడిగేవాళ్లుంటారు. చట్టం ఒప్పుకోదని కాన్పయ్యాక కాదు, ఆమె గర్భంతో ఉండగానే చెప్పాలి. పుట్టింది ఆడపిల్లయితే ఆ బిడ్డకు ముప్పుందేమో అంచనా వేసి రాసిపెట్టాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల తనకు జరిగిందని చెప్పినా, గుర్తులు మీరే చూసినా ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 అక్టోబరు 31 నుంచి పోలీసులకు తెలపడం తప్పనిసరి. మేనేజరుకు చెప్పి ఊరుకుంటే చాలదు. చూసిన నర్సే మరుసటి పనిదినం ముగిసేలోపు పోలీసుల నంబరు 101కు ఫోన్ చేయాలి.