బంతి మళ్లీ ఎలుకను ముట్టింది

మూడో వారం

ఈ వారం కూడా తినలేదు. బంతి అంటే మా పెంపుడు పాము, బాల్ పైథాన్: మగది, నాలుగేళ్లది, బరువు 1,412 గ్రాములు. పశ్చిమ ఆఫ్రికా జాతి. బెదిరితే తలను నడుమ దాచుకుని ఉండలా చుట్టుకుంటుంది, ఆ పేరు అందుకే. మన చేలలో తిరిగే జెర్రిపోతును పట్టి పెంచినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. ఇది విదేశీ జాతి కనుక కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాను.

నాగుల చవితి రోజులు కదా, పక్కింటి పిన్నిగారు గ్లాసుడు పాలతో వచ్చారు. “పుట్టలో పోసినట్టే దీనికీ కాస్త పోయి నాయనా, ఉపవాసం ఉంది పాపం” అన్నారు. పాముకు పాలు అరగవంటే ఆవిడ నమ్మలేదు. ఆవిడ వెళ్లాక నేనే తాగేశాను.

ఐదో వారం

కళ్లు నీలంగా మసకబారాయి, కుబుసం విడవబోతోంది. ఈ దశలో చాలా పాములు తిండి ముట్టవు, ఎలుకను చూపించి విసిగించడం అనవసరం. అమలాపురం గాలిలో తేమకు కొదవ లేదు. ఎనిమిది రోజులకు కంటిపొరలతో సహా ఒకే ముక్కగా వచ్చేసింది.

ఏడో వారం

కుబుసం అయింది, అయినా తినలేదు. తప్పు నాదేనని ఈ వారం తెలిసింది. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ 32 డిగ్రీలు చూపిస్తోంది, నేను నిశ్చింతగా ఉన్నాను. అనుమానం వచ్చి, దూరం నుంచే వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును వెచ్చటి వైపు దాపు (పాము దాక్కునే గూడు) కింద పెట్టి చూస్తే నేల 27.5!

కారణం కొబ్బరి పొట్టు. అంబాజీపేట వైపు పీచు తీసేచోట బస్తా చవకగా దొరికిందని దసరా ముందు దాని గాజు తొట్టెలో మూడంగుళాల మందాన పోశాను. హీట్ మ్యాట్ ఉన్నది గాజు అడుగున, సెన్సరు ఆ రెంటి నడుమ. సెన్సరు తన చోటి సంగతి నిజమే చెబుతోంది; వేడి మాత్రం పొట్టును దాటి పైకి రావడం లేదు. ఒళ్లు వెచ్చగా లేకపోతే పాముకు అరగదు, అరగనప్పుడు తినాలనీ ఉండదు. వెచ్చటి వైపు పొట్టును అంగుళంలోపుకు తగ్గించాను. మర్నాటికి 31.5. చల్లటి వైపు 26, అది సరే.

పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది. మూడుసార్లు నీళ్లు మార్చి నానబెట్టి, గుప్పిట పిండితే చుక్క కారనంతగా డాబా మీద ఆరబెట్టాకే వాడాలి. చిత్తడిగా వేస్తే పొట్ట పొలుసులు కుళ్లుతాయి.

రెండో తప్పు: తిన్నదా లేదా అని రోజూ రాత్రి దాపు ఎత్తి చూడటం. మానేశాను. ఎలుక వారానికి ఒక్కసారే, అదీ చీకటి పడ్డాక.

పదో వారం

ఇంకా లేదు. నోరు తెరిచి బలవంతంగా పెట్టమని ఒక మిత్రుడి సలహా. వినలేదు. నోటిలో చీము లేదు, ముక్కు దగ్గర బుడగలు లేవు, ఊపిరిలో గురక లేదు, నీళ్లగిన్నెలో నల్లటి పేలు తేలడం లేదు. తూకం 1,351, అంటే తగ్గింది నాలుగు శాతం పైచిలుకు. పది శాతం దాటితే పశువైద్యుడి దగ్గరకని గీత గీసుకున్నాను. జతకట్టే కాలంలో మగవి నెలల తరబడి పస్తుండటం మామూలే. కాబట్టి పాపమంతా కొబ్బరి పొట్టు మీదే వేయలేను.

పద్నాలుగో వారం

సంక్రాంతి వెళ్లింది. ఫ్రీజర్లోని ఎలుకను ముందురోజే కింది అరలోకి మార్చాను. సాయంత్రం కవరులో కట్టి గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తుడిచి, తలను మాత్రం వేడినీళ్లలో మరికాసేపు ముంచాను. పై పెదవి గుంటలతో ఇది వేడిని పసిగడుతుంది, చల్లటి ఎలుక దానికి రాయితో సమానం. పొడవాటి పట్టకారుతో దాపు గుమ్మం దగ్గర ఆడించాను. నాలుక మూడుసార్లు బయటికొచ్చింది. మెడ ఎస్ ఆకారంలో వంగింది. ఆ తరువాత పట్టకారు కుదుపు మాత్రమే తెలిసింది నాకు.

60 గ్రాముల ఎలుక, మామూలుకంటే చిన్నదే ఇచ్చాను. తినబోయే ముందు తూకం 1,338. రెండు రోజులు చేయి పెట్టను. పది రోజుల తరువాత 80 గ్రాములది.