గుర్రాలు మేసినంత మేరే చూపు

వర్జీనియా రాష్ట్రంలోకెల్లా ఎత్తయిన మౌంట్ రోజర్స్ శిఖరం మీద నిలబడితే ఏమీ కనిపించదు. ఎత్తు 5,729 అడుగులు. చుట్టూ ఎర్ర స్ప్రూస్, ఫ్రేజర్ ఫర్ చెట్లు, వాటి కింద పాదం దిగబడేంత నాచు, ఒక బండ, ఆ బండకు శిఖరం గుర్తుగా బిగించిన అరచేతికన్నా చిన్నదైన సర్వే బిళ్ల, అంతే. ఈ మాట అక్కడికి వెళ్లివచ్చిన ప్రతివారూ చెబుతారు. నేనూ విని, చదివి, తెలిసే బయలుదేరాను. అయినా నాలుగు మైళ్లకు పైగా రాళ్లలో నడిచి ఆ చెట్ల మధ్య నిలబడినప్పుడు కలిగిన ఉక్రోషం, ముందే తెలుసు కదా అని రవ్వంతైనా తగ్గలేదు. అక్కడ ఏమీ ఎందుకు కనిపించదో మాత్రం ఆ శిఖరం మీద కాక, దారిలో గడ్డి మేస్తున్న పొట్టి గుర్రాల వల్ల అర్థమయింది.

మేముండేది నార్త్ కరొలైనాలోని షార్లెట్‌లో. ఎం.ఎస్. చదువుకుంటూ వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చిన బావమరిది ఫోనులో ఆ గుర్రాల ఫొటోలు చూసి పట్టుబట్టడం వల్ల, రోడోడెండ్రాన్ పూలు విరగబూసే జూన్ నడిమి వారాంతంలో నేనూ, నా భార్యా, అతనూ ఆ శిఖరం పక్కనే ఉన్న గ్రేసన్ హైలాండ్స్ స్టేట్ పార్కుకు వెళ్లాము. ఐ-77 మీద ఎల్కిన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి యూఎస్ 21 పట్టుకుని స్పార్టా దాటి, 93వ నంబరు రోడ్డు మీదుగా మౌత్ ఆఫ్ విల్సన్ చేరి, యూఎస్ 58 ఎక్కడం అందరికీ తెలిసిన దారే. స్పార్టా దాటాక కొండవాలుల మీద వరసలు వరసలుగా క్రిస్మస్ చెట్ల తోటలు మొదలవుతాయి. మన దగ్గర మామిడితోటల్లో ఎడమెడంగా ఉండే చెట్లలా కాక, ఇవి ఒకే కొలతకు కత్తిరించిన శంకువుల్లా, బడిపిల్లల ప్రార్థన వరసలా ఉంటాయి. అవన్నీ ఫ్రేజర్ ఫర్ చెట్లే.

ఆ రాత్రి బసకు దొరికిన మోటెల్ పేరు చెప్పను. పూల వారాంతమని మామూలు రోజుల కిరాయికి రెట్టింపు గుంజి, తివాచీ తడివాసన వేసే గది ఇచ్చారు. శాకాహారులకు ఆ ఊళ్లో దొరికింది చీజు పెట్టి కాల్చిన రొట్టె, వేయించిన బంగాళాదుంపలు. మా ఆవిడ ముందుచూపుతో పులిహోర, పెరుగన్నం కట్టి తెచ్చింది కాబట్టి మర్నాటి పరువు దక్కింది. పార్కు గేటు దగ్గర వారాంతమని పది డాలర్లు తీసుకున్నారు. అంతకుముందు సంవత్సరం, అంటే 2024 సెప్టెంబరు చివర, హెలీన్ తుపాను ఈ కొండల మీద విరుచుకుపడినప్పుడు డమాస్కస్ అనే ఊరి వైపున యూఎస్ 58 కోసుకుపోయి నెలల తరబడి మూతబడింది. వైట్‌టాప్ నుంచి డమాస్కస్‌కు సైకిళ్లవాళ్లు హాయిగా దిగే క్రీపర్ ట్రెయిల్ వంతెనలు ఏటిలో కొట్టుకుపోయాయి. మేము దక్షిణం వైపు నుంచి రావడం వల్ల ఆ ఇబ్బంది మాకు తగల్లేదు గానీ, అడవిలో వేళ్లతో సహా లేచిపడిన చెట్లు ఇంకా చాలాచోట్ల అలాగే ఉన్నాయి.

పార్కులో నడకదారులు మొదలయ్యే మాసీ గ్యాప్ దగ్గర కారు దిగేసరికి పొగమంచు. షార్లెట్‌లో చెమటలు కారుతున్న జూన్‌లో ఇక్కడ చేతులు జేబుల్లో పెట్టుకోవలసి వచ్చింది. అక్కడి నుంచి రోడోడెండ్రాన్ ట్రెయిల్ మీద అరమైలు పైకి నడిస్తే అపలేచియన్ ట్రెయిల్ కలుస్తుంది. జార్జియాలో మొదలై మెయిన్ రాష్ట్రం దాకా పోయే రెండు వేల మైళ్లకు పైబడిన ఆ బాటకు చెట్ల మీదా, బండల మీదా తెల్లరంగు పట్టీలు గుర్తులు. దాని నుంచి చీలిపోయే పక్కదారులకు నీలిరంగు పట్టీలు. మంచు విడిపోతున్నకొద్దీ ముందు గడ్డి కనిపించింది, తరవాత రాళ్లు, ఆ తరవాత రాళ్ల పక్కన కదులుతున్న మరో రాయి లాంటిది. అదే మొదటి గుర్రం.

ఎత్తు నా నడుము కన్నా కొంచెం పైన. గోధుమరంగు ఒంటి మీద తెల్లటి మచ్చలు, నేలను రాసేటంత తోక, కళ్లను పూర్తిగా కప్పేసే జూలు. ఆ జూలులో గడ్డి పరకలూ, ఎండు ముళ్లకంపా చిక్కుకుని ఉన్నాయి. అది మమ్మల్ని చూసి పారిపోలేదు, దగ్గరకూ రాలేదు. తల ఎత్తకుండానే మేస్తూ పోయింది. దగ్గరగా నిలబడితే, పైపెదవితో గడ్డిని కూడదీసి పళ్లతో పట్టి ఒక్క విసురున తుంచే ఆ చప్పుడు, చిన్నప్పుడు పెరట్లో ఆవు మేస్తుంటే వినిపించినంత స్పష్టంగా వినిపించింది. పక్కనే నెలల వయసు పిల్ల ఒకటి కాళ్లు బారజాపుకుని నేల మీద పడుకుని నిద్రపోతుంటే, బావమరిది దానికేమో అయిందని కంగారుపడ్డాడు. తల్లి ఒకసారి చెవి విదిలించింది, అంతే.

గుర్రాలను తాకవద్దనీ, వాటికి తిండి పెట్టవద్దనీ బోర్డులున్నాయి. మా ముందు నడుస్తున్న ఒక కుటుంబం ఆ బోర్డు పక్కనే నిలబడి పిల్లల చేత చిప్స్ తినిపిస్తోంది. పొట్లం అయిపోయాక ఆ గుర్రం వాళ్ల వెంట పడి, చిన్నపిల్ల ఏడుపు లంకించుకునేదాకా వదలలేదు. వీటికి ఉప్పంటే ప్రాణం. మనుషుల చెమట పట్టిన సంచి పట్టీలూ, చేతికర్రల పిడులూ నాకుతాయి, గుడారాల జోలికీ పోతాయి. విల్బర్న్ రిడ్జ్ అనే రాతిగట్టు మీద ఒక వెడల్పాటి బండ చూసుకుని పులిహోర డబ్బా మూత తీశామో లేదో, అటువైపు ఎక్కడో మేస్తున్న నల్లటి ఆడగుర్రం ఒకటి తిన్నగా మా దగ్గరకు నడిచి వచ్చింది. బావమరిది డబ్బా తల మీద పెట్టుకుని బండ పైఅంచుకు ఎక్కాడు. గుర్రం తొందరపడలేదు. ముందు అతని చొక్కా అంచు వాసన చూసింది, పనికిరాదనుకుందేమో, కింద పడి ఉన్న అతని సంచి పట్టీని నోట్లో పెట్టుకుని నింపాదిగా నమలడం మొదలుపెట్టింది. "బావా, దీన్ని ఏదో ఒకటి చెయ్యండి" అని అతను పైనుంచి కేక వేస్తుంటే, మా ఆవిడ నవ్వు ఆపుకోలేక బండ మీద కూలబడింది. నేను చప్పట్లు కొట్టాను, కర్ర ఆడించాను. అది నన్ను లెక్కపెట్టలేదు. పట్టీలోని ఉప్పంతా అయిపోయిందని దానికే అనిపించాక వెళ్లిపోయింది.

ఆ గొడవ చూస్తూ పక్క బండ మీద కూర్చున్న ఒక పెద్దాయన, ఆ చుట్టుపక్కల వాడేనట, మాటలు కలిపాడు. ఏటా ఈ కాలంలో పైకి వచ్చి కొత్తగా పుట్టిన పిల్లలను చూసి, సెప్టెంబరు చివరి వారాంతంలో పార్కులో జరిగే పండగ వేలంలో ఏది కొనాలో ఇప్పుడే మనసులో పెట్టుకుంటాడట. వేలమేమిటని అడిగాను, ఇవి అడవి గుర్రాలు కదా అని. ఆయన ఇంగ్లీషులో చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. విల్బర్న్ రిడ్జ్ పోనీ అసోసియేషన్ అని ఒక సంఘం ఉంది, మంద బాగోగులు వాళ్లే చూస్తారు. ఏటా శరదృతువులో గుర్రాలన్నిటినీ తోలుకొచ్చి, పశువుల డాక్టరు చేత పరీక్ష చేయించి, వందకు అటూఇటూగా మందను నిలిపి, మిగులు పిల్లలను వేలం వేస్తారు.

అసలు అవి అక్కడికి రావడమే ఒక పని మీద వచ్చాయి. ఈ కొండల నిండా ఒకప్పుడు స్ప్రూస్ అడవి ఉండేది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో కలప కంపెనీలు దాన్ని నరికాయి, నరకగా మిగిలిన కొమ్మా రెమ్మా అంటుకుని నేల దాకా కాలిపోయింది, ఆ పైన జనం పశువులను మేపుకున్నారు. అలా ఏర్పడినవే ఈ బోడి మైదానాలు. అపలేచియన్ ట్రెయిల్ మీద అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో స్కేల్స్ అని ఒక చోటుంది. పశువులను కొండ దించకముందే తూకం వేసి అమ్మేసేవారు కాబట్టి దానికా పేరు. 1966లో ఇదంతా మౌంట్ రోజర్స్ జాతీయ విహారప్రాంతమయ్యాక మేత తగ్గింది. మేత తగ్గగానే ముళ్లపొదలు, వాటి వెనక చెట్లు మళ్లీ పైకి రావడం మొదలుపెట్టాయి. ఆ పొదలను అదుపులో పెట్టడానికి అటవీశాఖ వాళ్లు 1970ల మధ్యలో ఈ పొట్టి గుర్రాలను తెచ్చి వదిలారు. చలికి ఓర్చేవి, ఏది పెడితే అది తినేవి, చూడ్డానికి బాగుండేవి. అడవి గుర్రాలనుకుని మనం గంటల తరబడి కారు నడుపుకుని వచ్చి చూసేవి నిజానికి ప్రభుత్వం వారి గడ్డికోత సిబ్బంది.

ఇది విన్నాక నాకు ఆ చోటు వేరుగా కనిపించసాగింది. విల్బర్న్ రిడ్జ్ మీద నిలబడితే దక్షిణాన నార్త్ కరొలైనా కొండలు వరస వెనక వరసగా నీలంగా కనిపిస్తాయి. కాళ్ల కింద ఉన్నది ఎప్పుడో 75 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు కక్కిన రయొలైట్ శిల. దాని సందుల్లో గులాబీ, ఊదా కలిసిన రోడోడెండ్రాన్ గుత్తులు. ఇంత చూపు అక్కడ దక్కుతున్నదంటే ఎత్తు ఒక్కటే కారణం కాదు, గుర్రాలు తింటున్నాయి కాబట్టి కూడా.

అక్కడే బావమరిది తన వాదన మొదలుపెట్టాడు. "బావా, గుర్రాలు చూశాము, పూలు చూశాము, పైన ఏమీ లేదని మీరే అంటున్నారు, ఇంక అంత దూరం ఎందుకు?" మా ఆవిడ కూడా, "ఏవండీ, వాడు చెప్పేది నిజమే కదా" అంది. నాకు జవాబు దొరకలేదు. దొరకలేదు కాబట్టే నడిచాను, వాళ్లు నా వెనక గొణుక్కుంటూ నడిచారు. రాళ్ల మధ్య ఒకచోట బాట సొరంగంలా ఇరుకై, సంచి తీసి చేతిలో పట్టుకుని పక్కకు తిరిగి దూరవలసి వస్తుంది. బొద్దుగా ఉండే నాకు ఆ చోటు పేరు నచ్చలేదు. ఫ్యాట్‌మ్యాన్ స్క్వీజ్ అట. రోడోడెండ్రాన్ గ్యాప్ దాటి థామస్ నాబ్ షెల్టర్ చేరాము. రెండంతస్తుల చెక్క వసారా అది, గుర్రాల పహారా అక్కడా ఉంది. ఆ తరవాత కొంత దూరానికి నీలిపట్టీల పక్కదారి కుడివైపు చీలుతుంది, శిఖరానికి అరమైలు. అపలేచియన్ ట్రెయిల్ నడిచేవాళ్లలో చాలామంది ఆ అరమైలు ఎక్కకుండానే సాగిపోతారని తెలిసినప్పుడు నేను నవ్వాను.

ఆ అరమైలులో లోకం మారిపోయింది. పచ్చిక అయిపోయింది, గుర్రాలు ఆగిపోయాయి, స్ప్రూస్ చెట్లు నెత్తిమీదకు కమ్ముకున్నాయి. ఎండ లేదు, గాలి లేదు, తడిసిన బెరడు వాసన. నేల, బండ, పడిన మొద్దు అన్న తేడా లేకుండా అన్నిటి మీదా ఒకే నాచు. తుపానుకు పడిన మానుల మీద నుంచి ఎక్కి దిగుతూ వెళ్లాము. స్పార్టా దగ్గర తోటల్లో శంకువుల్లా కత్తిరించి పెట్టిన ఆ ఫ్రేజర్ ఫర్ ఇక్కడ తనంతట తాను పెరుగుతోంది, ఒంకర టింకరగా, సగం కొమ్మలు ఎండి, గడ్డం లాంటి పాచి వేలాడుతూ. సహజంగా ఈ చెట్టు పెరిగే తావుల్లో ఇదే ఉత్తరపు కొస.

మన వైపు కొండ ఎక్కితే పైన దేవుడుంటాడు. అలిపిరి మెట్ల మీద మోకాళ్లు పట్టేసినా, పైన దర్శనం ఉందన్న ఒక్క మాట మనిషిని లాక్కుపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో లడ్డూ ఉంటుంది. ఇక్కడ సర్వే బిళ్ల ఉంది. వర్జీనియా మొదటి ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసి, తరవాత ఎంఐటీని స్థాపించిన విలియం బార్టన్ రోజర్స్ పేరు ఈ కొండకు పెట్టారు, ఆ పేరు గలాయన విగ్రహమైనా లేదు. బావమరిది బండ చుట్టూ ఒకసారి తిరిగి, ప్రదక్షిణ పూర్తయిందన్నాడు. అప్పటికి నాకు నవ్వు రాలేదు.

దిగేటప్పుడు మాత్రం ఒకటి తోచింది. ఈ కొండలన్నీ గొడ్డలి పడకముందు ఉన్నది ఇలాగే అయి ఉండాలి. కింద మేము ఒళ్లు మరిచి చూసిన మైదానం నరికి, కాల్చి, మేపి, ఇప్పటికీ గుర్రాల చేత మేపిస్తూ నిలబెట్టుకుంటున్నది. గుర్రాలు ఎక్కని ఈ కొసన అడవి తన చోటు తాను పట్టుకుని ఉంది. చూపు లేదని నేను తిట్టుకుంటున్నది అసలు అడవిని. ఈ మాట పైకి అంటే, "అయితే చెట్లను తిట్టుకుంటూ దిగండి, చీకటి పడుతోంది" అంది మా ఆవిడ.

కొండ ఎక్కక్కర్లేదు, చూపు మాత్రమే కావాలనుకునేవాళ్లకు పక్కనే వైట్‌టాప్ కొండ ఉంది. 5,520 అడుగులు, రాష్ట్రంలో రెండోది, దాదాపు పైదాకా కారే వెళుతుంది. గుర్రాలు కావాలంటే మాసీ గ్యాప్ నుంచి గంట నడిచినా చాలు, కానీ జూన్ వారాంతాల్లో ఉదయం తొమ్మిదికల్లా కారు నిలిపే చోటు నిండిపోతుంది, కనుక పెందలాడే చేరుకోవాలి. వేసవి అని నమ్మి చలికోటు ఇంట్లో వదలవద్దు. తినేవి గట్టిగా మూతపడే డబ్బాలో తీసుకువెళ్లాలి, సంచి నేల మీద పెట్టకూడదు. శిఖరం సంగతి ఎవరిష్టం వారిది. బావమరిది మాత్రం సెప్టెంబరు వేలానికి వెళదామంటున్నాడు. అపార్ట్‌మెంటులో గుర్రాన్ని ఎక్కడ కట్టేస్తావురా అని వాళ్లక్క అడిగితే, కొనడానికి కాదు, తన సంచి పట్టీ నమిలిన ఆ నల్లదాని పిల్ల ఎంత పలుకుతుందో చూడ్డానికట.