న్యూయార్క్ నుంచి స్లైగోకు చేరిన ఫిడేలు

ఫిడేలు వాద్యగాడు మైకేల్ కోల్‌మన్ 1891లో ఐర్లండ్ పశ్చిమాన, స్లైగో కౌంటీలోని కిల్లవిల్ ప్రాంతంలో, కొద్దిపాటి సేద్యం మీద బతికే ఇంట ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టాడు. తండ్రి ఫ్లూటు వాయించేవాడు, ఇల్లు ఎప్పుడూ వాద్యగాళ్లతో సందడిగా ఉండేది, కాబట్టి పిల్లవాడి చేతికి ఫిడేలు రావడంలో వింత లేదు. అయితే ఆ కాస్త పొలం అందరికీ కూడు పెట్టదు గనుక, ఆ చుట్టుపక్కల కుర్రవాళ్లు చాలామంది చేసినట్టే అతనూ 1914లో అమెరికా ఓడ ఎక్కాడు. అలా మనుషుల్ని పంపించుకున్న స్లైగోకే ఇప్పుడు నాబోటి తెలుగు నర్సులు పని వెతుక్కుంటూ వస్తున్నారు.

అమెరికాలో మొదట, పాటలూ ఆటలూ హాస్యమూ కలగలిపిన వాడవిల్ ప్రదర్శనల్లో ఊరూరా తిరిగి వాయించిన కోల్‌మన్, 1917లో పెళ్లి చేసుకొని న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. అప్పటికి ఐరిష్ వలస జనానికి గ్రామఫోను ప్లేట్లు అమ్మవచ్చని కంపెనీలకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం కుదిర్చింది ఎలెన్ ఓబర్న్ డెవిట్ అనే ఐరిష్ దుకాణదారు. మావాళ్లను రికార్డు చేస్తే 500 ప్లేట్లు నేనే కొంటానని ఆమె 1916లో కొలంబియా కంపెనీకి మాట ఇచ్చింది. కోల్‌మన్ 1921 నుంచి 1936 వరకు, ప్లేటుకు ఒక వైపును ఒకటిగా లెక్కిస్తే, దాదాపు 80 రికార్డింగులు చేశాడు.

ఒక వైపున పట్టేది సుమారు మూడు నిమిషాలే. రీల్ అనే నాట్యపు మట్టు అంతకంటే చాలా చిన్నది కావడంతో రెండు మూడు మట్టులను వరసగా కలిపి వాయించాలి. 1934లో అతను టార్బోల్టన్, లాంగ్‌ఫర్డ్ కలెక్టర్, సెయిలర్స్ బానెట్ అనే మూడింటిని అలా కలిపాడు. ఇవాళ్టికీ స్లైగో పబ్బుల్లో వాద్యగాళ్లు కూడి వాయించే సెషన్లలో మొదటిది ఎత్తుకుంటే మిగతా రెండూ ఆ వరసలోనే వస్తాయి. స్వరాన్ని పట్టి పైమెట్టునూ కిందిమెట్టునూ చిటుక్కున తాకి మళ్లీ అదే స్వరానికి చేరే 'రోల్' అతని వేళ్లలో మన గమకంలా ఊగదు, రవ్వలా ఎగిరిపడుతుంది. కొన్ని రికార్డుల్లో వెనక మోగే పియానో మాత్రం భరించడం కష్టం, ఎందుకంటే స్టూడియోవారు కూర్చోబెట్టిన మనిషికి ఆ మట్టు పోకడే తెలియదు. డ్యూటీ రోస్టరులో మన పక్కన ఎవరి పేరు వేస్తారో మన చేతిలో లేనట్టే, అదీ అతని చేతిలో లేదు.

ఆ ప్లేట్లు అమెరికాలో ఉన్న బంధువుల పార్సిళ్లలో ఐర్లండ్ పల్లెలకు చేరాయి. పక్క కౌంటీల్లో తమ తమ పద్ధతుల్లో వాయించుకునేవారు కూడా వాటిని అరగదీసి విని, తమ వాయిద్యం మోటుగా ఉందనుకుని స్లైగో బాణీకి మళ్లారు. దానివల్ల కొన్ని స్థానిక పద్ధతులు చిక్కిపోయాయని నొచ్చుకునేవారు ఇక్కడ ఉన్నారు, వారి బాధలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. ఒకసారి వార్డులో రేడియో మోగుతుండగా ఒక పెద్దాయన దుప్పటి మీద వేళ్లు ఆడిస్తూ "కోల్‌మన్" అన్నాడు. పాట అయ్యాక చూస్తే వాయించింది ఈ కాలపు కుర్రాడు.

1930ల ఆర్థిక మాంద్యం రికార్డుల వ్యాపారాన్ని కుంగదీసింది. స్లైగో నుంచే వచ్చిన జేమ్స్ మోరిసన్ న్యూయార్క్‌లో పాఠాలు చెప్పుకున్నాడు, పాడీ కిల్లోరన్ బ్యాండు పెట్టుకుని పబ్బు కూడా నడిపాడు. కోల్‌మన్ 1945లో ఆ నగరంలోనే చనిపోయాడు. అతని అన్న జిమ్ ఇంకా మేటి అని ఇద్దరినీ విన్నవారు చెప్పేవారట. జిమ్ వాయిద్యం ఏనాడూ రికార్డు కాలేదు కాబట్టి, ఆ మాటను నమ్మడమో మానడమో తప్ప పోల్చి చూసుకునే దారి మనకు లేదు.