మబ్బు గుండె వినడం నేర్చుకున్నాను

మా గుర్రం మబ్బుకి 16 ఏళ్లప్పటి సంగతి. ఏటా వేయించే టీకాల కోసం డాక్టర్ గారు వచ్చారు. సూది వేసే ముందు అలవాటుగా స్టెతస్కోప్‌ను ఎడమ ముందుకాలి వెనక, పక్కటెముకల మీద పెట్టి విన్నారు. వెంటనే తీసేస్తారనుకున్నాను, తీయలేదు. కొంచెం ముందుకి జరిపి మళ్లీ విన్నారు. నేనేదో అడగబోతే చేత్తో ఆగమని సైగ చేశారు. మబ్బు మాత్రం తనకేమీ పట్టనట్టు గడ్డి నములుతూ నిలబడ్డాడు.

"మీరూ వినండమ్మా" అని స్టెతస్కోప్ నా చెవులకి పెట్టారు. లబ్, డబ్. ఆ డబ్ వెనకాలే పావురం గొంతులోంచి వచ్చినట్టు ఒక కూత. అది మెల్లగా సన్నబడుతూ వెళ్లి, తర్వాతి లబ్ వచ్చేలోపు ఆగిపోతోంది. మళ్లీ లబ్, డబ్, మళ్లీ ఆ కూత.

గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని మొదట్లో ఒక కవాటం ఉంటుందట. మబ్బుకి అది గట్టిగా మూసుకోవడం లేదు. బయటికి వెళ్లిన రక్తంలో కొంత మళ్లీ గుండెలోకే కారుతోంది. నేను విన్నది ఆ కారే చప్పుడే. అయోర్టిక్ రిగర్జిటేషన్ అని చెప్పి, నా పుస్తకంలో రాసిచ్చారు. వయసు మీద పడిన గుర్రాల్లో ఇది తరచుగా కనిపించేదేనని, ఈ జబ్బుతో ఏళ్ల తరబడి హాయిగా బతికిన గుర్రాలు చాలా ఉన్నాయని కూడా చెప్పారు. ఆ రెండో మాట నా చెవికెక్కలేదు. మబ్బు మెడ మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయాను.

గుర్రాల గురించి బాగా తెలిసిన ఒకాయన, "ముసలి గుర్రాలకి ఇవన్నీ మామూలే, పరీక్షలు దండగ" అన్నారు. ఆయన మాట విననందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. ఈ జబ్బులో చప్పుడు ఎంత పెద్దగా వినిపిస్తే జబ్బు అంత పెద్దది అనుకోవడానికి లేదు. చెవికి దొరికేది కవాటం కారుతోందన్న సంగతి ఒక్కటే. ఎంత కారుతోంది, గుండె దాన్ని ఎంతవరకు తట్టుకుంటోంది అన్నది ఎకో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, తీస్తేనే తెలుస్తుంది.

ఎకో రోజున మబ్బు కుడి ముందుకాలు ఒక అడుగు ముందుకి పెట్టించి, ఆ సందులోకి ప్రోబ్ గట్టిగా నొక్కి చూశారు. వాడికది నచ్చలేదు. లాయం చూసుకునే బాబాయ్ వాడి నుదురు నిమురుతూ నిలబడితేనే కుదురుగా ఉన్నాడు. గుర్రం గుండె బరువు ఒంటి బరువులో సుమారు ఒక శాతం ఉంటుంది. అంటే మబ్బు గుండె నాలుగు కిలోల పైమాటే. తెర మీద అంత పెద్ద గుండె తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే, కారుతున్న రక్తం రంగుల్లో చిన్న మంటలాగా వెనక్కి ఎగజిమ్మడం కనిపించింది. కారడం ఓ మోస్తరుగా ఉందన్నారు. గుండె ఎడమ గది పెద్దగా సాగలేదు. జీను పట్టీ కింద ఈసీజీ అమర్చి పరిగెత్తించి కూడా చూశారు. లయ ఎక్కడా తప్పలేదు. స్వారీ చేసుకోవచ్చన్నారు, కానీ పెద్దవాళ్లు మాత్రమే, అదీ జబ్బు సంగతి తెలిసినవాళ్లు మాత్రమే. గుండె జబ్బున్న గుర్రాలతో ఎలా పని చేయించాలో చెబుతూ అమెరికా, యూరప్ పశువైద్య నిపుణులు కలిసి 2014లో ఒక మార్గదర్శకం వేశారు. అందులోనూ ఇదే జాగ్రత్త ఉంది. పరిగెత్తే గుర్రం గుండె ఒక్కసారిగా లయ తప్పితే కింద పడేది గుర్రం ఒక్కటే కాదు కదా. మా అక్క కూతురు మబ్బు మీద స్వారీ నేర్చుకుంటూ ఉండేది. ఆ రోజే మాన్పించాం. పాప చాలా ఏడ్చింది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. డాక్టర్ గారు వెళ్తూ వెళ్తూ, "రోజూ ఒకే వేళకి, వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు నాడి లెక్కపెట్టి రాయండి. మందు కన్నా ముందు మీకు కావలసింది ఆ పుస్తకం" అన్నారు.

గుర్రం నాడి దవడ కింద దొరుకుతుంది. దవడ ఎముక అంచు మీదుగా ఒక ధమని దాటుతుంది. వేలు పెడితే లావాటి పురికొసలా అటూ ఇటూ జారుతుంది. దాన్ని ఎముకకి ఆనించి మెత్తగా నొక్కి పట్టుకోవాలి. గట్టిగా నొక్కితే నాడి అందదు, బొటనవేలు వాడితే మన నాడే మనకి తెలుస్తుంది. నాకు మొదటి మూడు రోజులూ ఏమీ దొరకలేదు. నాలుగో రోజు దొరికాక మాత్రం ఆశ్చర్యపోయాను. వేలిని పైకి తోసినట్టు బలంగా కొట్టి, చటుక్కున పడిపోతోంది. కారే కవాటం లక్షణమే అదట. చప్పుడు కన్నా ఈ నాడి తీరే జబ్బు తీవ్రతని బాగా చెబుతుందని తర్వాత తెలిసింది.

విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. మన గుండె వేగానికి ఇంచుమించు సగం. మబ్బుది 36 దగ్గర ఉండేది. మొదట్లో నేను 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించేదాన్ని. అంత నెమ్మదిగా కొట్టుకునే గుండెకి ఆ లెక్క కుదరదు. ఒక్క చప్పుడు తేడా వస్తే నాలుగు తేడా చూపిస్తుంది. ఊరికే భయపడాల్సి వస్తుంది. అందుకే పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

రెండో వారంలో ఒక రాత్రి లెక్కపెడుతుంటే నాడి ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆ తర్వాత ఏమీ లేదు. నా గుండె ఆగినంత పనైంది. మళ్లీ కొట్టుకుంది. నాలుగు కొట్టి మళ్లీ ఖాళీ. వణుకుతున్న చేతులతోనే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. "ఆ ఖాళీ లెక్కగా వస్తోందా, ఎలా పడితే అలా వస్తోందా?" అని అడిగారు. లెక్కగానే వస్తోందన్నాను. "అయితే రెండు నిమిషాలు చురుగ్గా నడిపించి మళ్లీ చూడండి" అన్నారు. చీకట్లో బాబాయ్ టార్చి పట్టుకుంటే మబ్బుని లాయం చుట్టూ నడిపించాను. మళ్లీ వేలు పెడితే ఖాళీలు లేవు, వరసగా కొట్టుకుంటోంది. హాయిగా నిలబడి ఉన్న గుర్రం గుండె అలా ఒక్కో చప్పుడు వదిలేయడం చాలా మామూలట. కదిలితే పోయే ఖాళీ మంచిది. కదిలినా పోనిది, అసలు లెక్కే దొరకనిది, దాన్ని చూసి భయపడాలి. ఆ మాట పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను.

ఆ రాత్రి తర్వాత నా టెన్షన్ సగం తగ్గింది. వాడికి ఏది మామూలో తెలియకపోతే అన్నీ ప్రమాదాల్లాగే కనిపిస్తాయి. లేదా ఏదీ ప్రమాదంగా కనిపించదు. నేను ఈ రెండు రకాలుగానూ ఉండి చూశాను.

నాడితో పాటు ఇంకొన్ని చూడటం అలవాటైంది. ఊపిరి నిమిషానికి 8 నుంచి 16 మధ్య ఉండాలి, డొక్కలు చూస్తూ లెక్కపెడతాను. తల ఎత్తి నిలబడినప్పుడు మెడ కిందిభాగంలో నరం కొంచెం కొట్టుకోవడం మామూలే. అది మెడ సగం దాటి పైకి పాకితే, లేదా తాడులా ఉబ్బి అలాగే ఉండిపోతే మంచిది కాదు. రొమ్ము కింద, పొట్ట కింద బొటనవేలితో నొక్కి చూస్తాను, గుంట పడి ఉండిపోతోందా అని. ఒకసారి వానలకి నాలుగు రోజులు లాయంలోనే కట్టేస్తే కాళ్లు వాచాయి. నేను మళ్లీ హడలిపోయాను. బాబాయ్, "ఊరుకో అమ్మాయ్, నిలబడి నిలబడి వచ్చిన వాపు, నడిస్తే దిగుతుంది" అన్నాడు. గంటలో దిగింది. రొమ్ము, పొట్ట మామూలుగానే ఉన్నాయి.

లాయం చుట్టుపక్కల కూడా కొన్ని మార్చాం. కంచె వెంబడి గన్నేరు చెట్లుండేవి. వాటి ఆకులు, ఎండిపోయినవైనా సరే, గుర్రం గుండెని నేరుగా దెబ్బతీస్తాయి. వేళ్లతో సహా తీయించేశాం. పశువుల దాణా, కోళ్ల దాణా లాయం ఛాయలకే రానివ్వం. వాటిలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రాల గుండె కండరానికి విషం. జబ్బు ఉన్నా లేకపోయినా ప్రతి గుర్రానికీ ఇది వర్తిస్తుంది. ఇంత ముఖ్యమైన విషయం నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. అలాగే పళ్లు అరగదీయడానికి ఎవరు వచ్చినా, మత్తు ఇంజక్షన్ మాట ఎత్తకముందే గుండె సంగతి చెబుతాను. ఆ మత్తుమందులు గుండె వేగాన్ని, రక్తపోటుని మార్చేస్తాయి.

రెండేళ్లు అలా గడిచాయి. ఏటా ఎకో, ఏటా పరిగెత్తించి ఈసీజీ. మూడోసారి తీసినప్పుడు ఎడమ గది సాగినట్టు తేలింది. అప్పటికే పుస్తకంలో 36 కాస్తా 40 అయింది. ఒక నెలలో కాదు, ఏడాది పొడవునా ఒక్కొక్కటిగా పెరిగింది. పుస్తకం లేకపోతే నేను గమనించేదాన్నే కాదు. క్యాంటర్‌లో, అంటే ఓ మోస్తరు దౌడులో, తీసిన ఈసీజీలో, వరస మధ్యలో పొడుగ్గా, వంకరగా కొన్ని గీతలు. కింది గది తన వంతు రాకముందే కొట్టుకోవడం. డాక్టర్ గారు కాగితం మడిచి, "ఇక స్వారీ వద్దమ్మా" అన్నారు.

నాకు తెలుసు, ఎప్పటికైనా ఈ మాట వస్తుందని. అయినా అడిగాను, "నడకకి కూడానా?" అని. "మీరు పక్కన నడవండి, మీద వద్దు."

ఇంతా చేసి, మబ్బుకి ఆ మాట ఎలా చెప్పాలన్నదే నా బాధ. వాడికి జీను చూస్తే హుషారు. నేను జీను దించుతున్న చప్పుడు వింటే సకిలించేవాడు. మర్నాడు మామూలు వేళకి వాడి ముందు ఉత్త పగ్గంతో నిలబడ్డాను. వాడు నా భుజం మీదుగా జీను ఉండే గూటి వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్లీ అటు చూశాడు. ఆ రోజు నేను ఎంత దూరం నడిచానో నాకే తెలియదు. వారం పట్టింది వాడికి. నాకు ఇంకా ఎక్కువే పట్టింది. జీనుని శుభ్రం చేసి, నూనె రాసి, ఇంకో గుర్రానికి ఇచ్చేశాను. కళ్ల ముందు ఉంటే ఏదో ఒక రోజు మనసు మారుతుందేమోనని నా భయం.

బెనజెప్రిల్ మాత్రలు మొదలుపెట్టారు. రక్తనాళాలు వదులైతే ముందుకి వెళ్లే దారి సులువై, వెనక్కి కారేది తగ్గుతుందన్నది ఆలోచన. గుర్రాల్లో దీని మీద జరిగిన పరిశోధన తక్కువేనని ఆయన ముందే చెప్పారు. దాచకుండా చెప్పినందుకు ఆయన మీద నమ్మకం ఇంకా పెరిగింది. మాత్రలు పొడి చేసి దాణాలో కలుపుతాం. పొడి వాసన పసిగడితే పళ్లెం పక్కకి నెట్టేస్తాడు. కొంచెం నీళ్లు చల్లి బాగా పిసికి కలిపితే తింటాడు.

అదే రోజు ఇంకో పని కూడా చేశాం. పుస్తకం చివరి పేజీలో డాక్టర్ గారు, బాబాయ్, నేను కూర్చుని కొన్ని మాటలు రాశాం. విశ్రాంతిలో నాడి వరసగా మూడు పూటలు 48 దాటితే ఫోన్ చేయాలి. 60 దాటితే అర్ధరాత్రైనా పిలవాలి. పొట్ట కింద వాపు వచ్చి, మందులిచ్చినా దిగకపోతే, నిలబడి ఉండగానే ఆయాసపడితే, లేదా ఒక్కసారి కుప్పకూలి లేచినా, ఇక వాడిని పట్టి ఉంచకూడదు. ఈ మాట రాయడానికి నా చెయ్యి రాలేదు, బాబాయ్ రాశాడు. ఆ సమయం వచ్చినప్పుడు నేను సరిగ్గా ఆలోచించగలనని నాకు నమ్మకం లేదు. అందుకే మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే రాయించుకున్నాను.

ఇప్పుడు మబ్బుకి 19. ఎండ ఎక్కకముందే నడకకి వెళ్తాం. పగ్గం వదులుగా పట్టుకుంటాను, అడుగు వాడిష్టం. ఎక్కడైనా ఆగి గడ్డి కొరికితే నేనూ ఆగుతాను. తిరిగొచ్చి, వాడు కుదుటపడ్డాక, దవడ కింద వేలు పెడతాను. అలవాటైపోయి తనంతట తనే తల దించుతాడు.

ఈ పొద్దున రాసింది: 40. నాలుగో చప్పుడు తర్వాత ఖాళీ, నడిపిస్తే పోయింది. ఊపిరి 12. వాపు లేదు. మాత్ర తిన్నాడు. మట్టిలో రెండు వైపులా దొర్లి, తనే లేచాడు.